కోసే ముందు పోల్చుకోవాలి
(మౌలాలి గుట్ట నడకలో నేర్చిన మొక్కల గుర్తింపు పాఠం)

వైద్యానికి నాలుగు పాదాలని ఆయుర్వేద శాస్త్రం చెబుతుంది. అవి వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. వీటిలో ఏ ఒక్కటి కుంటుపడినా చికిత్స ముందుకు సాగదు. గృహవైద్యం చేసుకునే మన కుటుంబాలలో తరచుగా కుంటుపడేది రెండవ పాదమైన ఔషధం. పుస్తకంలోనో పత్రికలోనో ఒక మొక్క పేరు చదువుతాము. ఆ పేరు గల మొక్క ఇదేనని మనంతట మనమే నిశ్చయించుకొని కోసుకువస్తాము. చదవడానికీ కోయడానికీ మధ్య పోల్చుకోవడం అనే మెట్టు ఒకటి ఉన్నది. ఆ మెట్టు దాటవేసి నేను చేసిన ఒక తప్పును, దాని వలన నేర్చిన పాఠాన్ని పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను చేసిన పొరపాటు

మా నివాసం మౌలాలి హౌసింగ్ బోర్డు కాలనీ. ఉద్యోగ విరమణ తరువాత రక్తంలో చక్కెర పెరగడంతో, వైద్యుని సలహాపై ఉదయపు నడక ప్రారంభించాను. ఇంటి నుంచి గుట్ట వరకు, అక్కడి నుంచి గుట్ట అడుగున కొంత దూరం, తిరిగి ఇంటికి. ఆ రోజులలో నడక నా కాళ్ళకు మాత్రమే సంబంధించిన పని. కళ్ళకు అందులో పాలు లేదు.

ఒక శ్రావణ మాసంలో మా అన్నగారి మనుమడికి కామెర్లు వచ్చాయి. పిల్లవాడికి అప్పుడు ఏడేళ్ళు. కామెర్లకు నేల ఉసిరి మంచిదని ఇంటిల్లిపాదికీ తెలుసు. రోజూ గుట్ట వైపు వెళ్ళేవాడిని కనుక, తెచ్చే పని నాకు అప్పగించారు. బండల సందున చిన్న చిన్న ఆకులతో గుబురుగా ఉన్న మొక్క ఒకటి కనిపించింది. ఇదే నేల ఉసిరి అనుకొని గుప్పెడు పెరికి తెచ్చాను. మా వదినగారు దానిని కడిగి, నూరి, మజ్జిగలో కలిపి పిల్లవాడిచేత తాగించారు. గంట తిరగకముందే వాంతులు మొదలైనాయి. సాయంత్రానికి వాడు లేచి కూర్చోలేని స్థితికి వచ్చాడు.

ఆసుపత్రిలో వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, "ఏ మొక్క ఇచ్చారు? ఉంటే చూపించండి" అని. పేరు చెప్పగలిగాను గాని మొక్కను చూపలేకపోయాను. రెండు రోజులు సెలైన్ ఎక్కించిన మీదట పిల్లవాడు తేరుకున్నాడు. ఆ వాంతులకు కారణం మొక్కా, కామెర్లా అన్నది ఈనాటికీ నేను తేల్చి చెప్పలేను. తేల్చి చెప్పలేని స్థితిలో ఒక పసివాడికి మందు ఇవ్వడమే నా అసలు తప్పు. కళ్ళు పచ్చబడిన వెంటనే రక్తపరీక్ష చేయించకపోవడం దానికి తోడైన మరొక తప్పు.

పిల్లవాడు ఇంటికి వచ్చిన మరునాడు మళ్ళీ అదే చోటికి వెళ్ళి, అదే మొక్క కొమ్మ ఒకటి చేతిలోకి తీసుకున్నాను. మేకలు తోలుకొస్తున్న ఒక వృద్ధురాలు ఆగి, "ఏం ఎతుకుతున్నవ్ సారూ?" అని అడిగింది. "నేల ఉసిరి కోసం అవ్వా" అన్నాను. ఆమె నా చేతిలోని కొమ్మను పుటుక్కున తుంచింది. తుంచిన చోట తెల్లని పాలు ఊరాయి. "నేలుసిరికి పాలు రావు సారూ. గిది వేరే" అంటూ పది అడుగుల అవతలి నుంచి మరొక మొక్క తెచ్చి, రెమ్మను వెల్లకిలా తిప్పి చూపింది. "ఆకు కింద సూడు, కాయలు ఎట్ల ఏలాడుతున్నయో!"

మేకలు, గొర్రెలు, ఆవులు కాచేవారికీ, అడవిలో నివసించేవారికీ ఓషధుల నామరూపాలు తెలుసునని చరక సంహిత సూత్రస్థానం తొలి అధ్యాయంలోనే ఉన్నది. నామరూపాలు తెలిసినంత మాత్రాన ప్రయోగం తెలిసినట్లు కాదన్న హెచ్చరికా అక్కడే ఉన్నది. ఆ అవ్వకు రూపం తెలుసు. నాకు పేరు తప్ప మరేమీ తెలియదు. ఆ రోజు నుంచి నడకకు ఒక నోటు పుస్తకం తీసుకువెళ్ళడం అలవాటు చేసుకున్నాను.

సామాన్యుని చూపు, శాస్త్రపు పుస్తకం

ఇలా సామాన్యులు తాము చూసిన మొక్కను, పక్షిని, పురుగును తేదీతో, స్థలంతో నమోదు చేసి శాస్త్రజ్ఞులకు అందించడాన్ని ఇప్పుడు పౌరశాస్త్రం అంటున్నారు. పేరు కొత్తది గాని, పని మన నేలకు కొత్త కాదు. సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కలపై రచించిన గ్రంథం 1795 నుంచి వెలువడసాగింది. జ్వరానికి ఉపయోగించే సోమిద చెట్టు బెరడును ఆయన పాశ్చాత్యులకు పరిచయం చేశాడు. ఆ చెట్టు ప్రజాతికి తరువాత వచ్చిన సోయ్‌మిడా అనే శాస్త్రనామం మన సోమిద నుంచి పుట్టినదే. విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో పాములపై గ్రంథం ప్రచురించాడు. అందులో తెలుగువారు చెప్పిన పేర్లను చేర్చాడు. కట్లపాము ప్రజాతికి గల బంగారస్ అనే శాస్త్రనామం తెలుగు 'బంగారు' మాట నుంచి వచ్చినదే. పేర్లు చెప్పిన ఆ సామాన్యుల పేర్లు మాత్రం ఆ గ్రంథాలకు ఎక్కలేదు.

ఇప్పుడు చూసినవారి పేరుతోనే నమోదు నిలుస్తుంది. 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు విద్యార్థులు మొదలుపెట్టిన ఐనాచురలిస్ట్, అదే సంవత్సరం మన దేశంలో వెలసిన ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్, పక్షుల కోసం ఉన్న ఈబర్డ్ ఇందుకు సాధనాలు. ఇవన్నీ ఉచితం. ఫోనుతో తీసిన ఛాయాచిత్రాన్ని తేదీ, స్థలంతో సహా ఐనాచురలిస్టులో ఉంచితే, తెలిసినవారు చూసి పేరు చెబుతారు. పేరు చెప్పినవారిలో మూడింట రెండు వంతులకు మించి ఏకాభిప్రాయం కుదిరితే ఆ నమోదు పరిశోధనకు తగినదిగా పరిగణన పొందుతుంది. పెరటిలో నాటిన మొక్కను 'పెంచినది' అని విడిగా గుర్తించాలి.

నేను గుంటగలగర అని పంపిన మొదటి చిత్రాన్ని ఎక్కడో ఉన్న ఒకరు 'గడ్డి చామంతి' అని దిద్దారు. మొదట చిన్నతనమనిపించింది. ఆ మొక్కను నూనెలో కాచి తలకు రాసుకున్న తరువాత దిద్దడం కన్న, ముందే దిద్దడం మేలు కదా అని సరిపెట్టుకున్నాను.

గుట్ట ఒక పాఠశాల

మౌలాలి గుట్ట పైన ఇబ్రహీం కుతుబ్ షా కాలం నుంచి దర్గా ఉన్నది. దిగువన 1824లో మరణించిన కవయిత్రి మహలఖా బాయి చందా సమాధి ఉన్నది. ఈ ప్రాంతపు గ్రానైట్ బండలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. వేసవిలో చూస్తే వట్టి రాయి. తొలకరి పడిన మూడు వారాలకు ప్రతి సందులోనూ పచ్చదనం లేస్తుంది. కార్తికం దాటితే చాలా మొక్కలు ఎండి, గింజ రాల్చి మాయమవుతాయి. కనుక జూలై నుంచి అక్టోబరు వరకు పోల్చుకోవడం నేర్చుకోవడానికి అనువైన కాలం.

ఏ మొక్కనైనా ఈ క్రింది ఐదు విషయాలతో పరీక్షించాలి. ఒక్క గుర్తు కలిసినంత మాత్రాన పేరు పెట్టరాదు.

1. చోటు: ఎండ నేలా, చెరువు గట్టా, బండ సందా.
2. కాండం: నిలువుగా ఎదిగినదా, నేలపై పాకినదా, నూగు, బుడిపెలు ఉన్నాయా.
3. ఆకుల అమరిక: ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా.
4. పువ్వు, కాయ: రంగు, సంఖ్య, తొడిమ, కాయ ఉన్న తావు.
5. తుంచినపుడు: పాలు, జిగురు, రంగు మార్పు.

ఆరవ పరీక్షగా చాలామంది రుచి చూస్తారు. అది పరీక్ష కాదు, ప్రమాదం. తుంచిన తరువాత చేతులు కడుక్కోనిదే కన్ను తాకరాదు. జిల్లేడు పాలు కంటిలో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది.

పోలికతో మోసగించే నాలుగు జంటలు

నేల ఉసిరి, నానబాలు: నేల ఉసిరి అడుగు ఎత్తుకు మించని నిటారు మొక్క. సన్నని రెమ్మలకు ఇరువైపులా చిన్న ఆకులు ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. ఆకుల అడుగున గుండ్రని పచ్చి కాయలు చిన్న తొడిమలతో వరుసగా వేలాడుతాయి. తుంచితే పాలు రావు. నానబాలు జాతి మొక్కలకు ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. తుంచితే పాలు వస్తాయి. నేను తెచ్చినది ఇటువంటిదే. నేల ఉసిరిలోనూ రకాలు ఉన్నాయి. ఎర్ర నేల ఉసిరి కాయలకు దాదాపు తొడిమ ఉండదు, పైతొక్క గరుకుగా ఉంటుంది. 1988లో మద్రాసు పరిశోధకులు ఫిల్లాంథస్ అమారస్ అనే నేల ఉసిరి హెపటైటిస్-బి వైరస్‌పై పనిచేస్తున్నదని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. తరువాత ఇతరులు జరిపిన పరిశోధనలలో ఆ ఫలితం నిలబడలేదు. వాడిన మొక్కలలోని తేడాలు ఇందుకు ఒక కారణం కావచ్చునని కొందరు భావించారు. పరిశోధనలోనే ఇటువంటి అనుమానానికి తావున్నపుడు, మన వంటింటిలో పేరు ఒక్కటే చాలునా?

గుంటగలగర, గడ్డి చామంతి: గుంటగలగర తేమను కోరుకుంటుంది. మా ప్రాంతంలో గుట్టపై కన్న సఫిల్‌గూడ, కాప్రా చెరువుల వంటి తడి తావులలో వెదకడం మేలు. ఆకులు గరుకుగా, ఎదురెదురుగా, దాదాపు తొడిమ లేకుండా ఉంటాయి. పువ్వు చిన్నది, తెల్లనిది. కాండం నలిపితే రసం కాసేపటికి నల్లబడుతుంది. గడ్డి చామంతి పొడినేలలో, దారుల వెంట పెరుగుతుంది. పొడవైన కాడ చివర ఒకే పువ్వు, నడుమ పసుపు, చుట్టూ ఇంచుమించు ఐదు లేత రేకులు, ఒక్కొక్క రేకు కొనకు మూడు పళ్ళు ఉంటాయి. గింజలు నూగుతో గాలిలో ఎగురుతాయి.

అటికమామిడి, తెల్ల గలిజేరు: పునర్నవగా వాడేది అటికమామిడి. చిన్న గులాబి రంగు పువ్వులు కొమ్మలుగా చీలిన కాడలపై పైకి లేచి ఉంటాయి. కాయలు జిగురుగా ఉండి పంచెకూ చీరకూ అంటుకుంటాయి. తెల్ల గలిజేరు ఆకులు, కాడలు కండగా ఉంటాయి; పువ్వు కాడ లేకుండా ఆకు మొదట దాగి ఉంటుంది. రెండూ నేలపై పాకేవే కావడం వలన మూలికల సంచులలో సైతం ఒకదానికి బదులు మరొకటి చేరుతుంటుంది.

తిప్పతీగ, దానిని పోలిన తీగ: కోవిడ్ కాలంలో తిప్పతీగ కషాయం ఇంటింటా కాచుకున్నారు. 2021లో ముంబైకి చెందిన కాలేయ వైద్యులు, తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని వైద్య పత్రికలో తెలియజేశారు. అసలు తిప్పతీగ సురక్షితమేననీ, దానిని పోలిన టినోస్పొరా క్రిస్పా అనే తీగతో పొరపడరాదనీ కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ అదే సంవత్సరం వివరణ ఇచ్చింది. ఆ వివరణ ప్రకారం అసలు తిప్పతీగ కాండం ఆకుపచ్చగా, బుడిపెలు లేకుండా ఉంటుంది; పాలు రావు; పండ్లు గుండ్రంగా, ఎర్రగా ఉంటాయి. రెండవ తీగ కాండం బూడిద రంగులో బుడిపెలతో ఉంటుంది. పాల వంటి ద్రవం వస్తుంది. పండ్లు కోలగా, నారింజ రంగులో ఉంటాయి. దోషం మొక్కదా, పోలికదా, వాడిన మనిషి శరీర తత్త్వానిదా అన్న చర్చ వైద్యులలో ఇంకా ముగియలేదు. కాలేయ వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగనిదే దీనిని ముట్టరాదు.

ఇక్కడ వినాయక చవితి పత్రిని గురించి ఒక మాట. ఇరవై యొక్క పత్రాలను ఏరి తెచ్చే ఆ పండుగ మన పిల్లలకు మొదటి వృక్షశాస్త్ర పాఠం. అయితే వయ్యారిభామ లేత ఆకుల చీలికలు మాచిపత్రిని తలపిస్తాయి. వయ్యారిభామ తగిలితే చాలామందికి చర్మం దద్దురెక్కుతుంది. పత్రిలో చేరిన గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు కడుపులోకి పోతే విషాలు. పూజకు పనికివచ్చినదల్లా కషాయానికి పనికిరాదని పిల్లలకు ఆనాడే చెప్పాలి.

ప్రాణులలోనూ ఇదే నీతి

మొక్కలను చూడడం అలవాటైన కంటికి వాటిపై బ్రతికే ప్రాణులు తామే కనిపిస్తాయి. జిల్లేడుపై నారింజ రంగు రెక్కల సీతాకోకచిలుక ఒకటి వాలుతుంది. ఆంగ్లంలో ప్లెయిన్ టైగర్ అంటారు. దాని గొంగళిపురుగు జిల్లేడు ఆకు తిని ఆ విషాన్ని ఒంట నింపుకుంటుంది. అందుచేత పక్షులు దానిని విడిచిపెడతాయి. అచ్చంగా అదే రంగు, అదే రూపంతో మరొక జాతి ఆడ సీతాకోకచిలుక తిరుగుతుంటుంది. దాని పేరు డెనాయిడ్ ఎగ్‌ఫ్లై. దీని పురుగు తినేది మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర. విషం ఏమీ లేదు, వేషం మాత్రమే. వేషం చూసి పక్షి మోసపోతుంది. ఆకు చూసి నేను మోసపోయాను.

పాముల విషయంలో ఈ మోసం ప్రాణాంతకం. కట్లపామును పోలిన విషం లేని పాము ఒకటి ఇళ్ళలోకి వస్తుంటుంది. కట్లపాముకు తల దగ్గర కట్లు ఉండవు, లేదా మసకగా ఉండి తోక వైపు స్పష్టమవుతాయి. విషం లేని దానికి కట్లు మెడ దగ్గర మొదలై తోక వైపు మాసిపోతాయి. ఈ తేడా పుస్తకంలో నేర్చుకోవడానికే గాని, దగ్గరకు వెళ్ళి పరీక్షించడానికి కాదు. కట్లపాము కాటు నొప్పి, వాపు లేకుండానే ఉండవచ్చు. కనుక ఏ పాము కరిచినా ఆకుపసరుతో కాలం వృథా చేయక, విషవిరుగుడు సూదిమందు లభించే ఆసుపత్రికి వెంటనే తీసుకుపోవాలి.

పక్షుల పని సులువు. సాలిం అలీ 1931లో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసి వ్రాసిన పట్టికలు ఈనాటికీ పోలికకు పనికివస్తున్నాయి. 1980లో మన నగరంలో పక్షిప్రేమికుల సంఘం ఏర్పడినది. నేడది డెక్కన్ బర్డర్స్ పేరుతో సాగుతున్నది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు జరిగే పెరటి పక్షుల లెక్కింపులో, పదిహేను నిమిషాలు ఒకచోట నిలిచి చూసినవారెవరైనా పాల్గొనవచ్చు. గోరువంక, పికిలిపిట్ట, జెముడుకాకి, పాలపిట్ట వంటి తెలిసిన పిట్టల లెక్క కూడా లెక్కే. ఈనాడు సాధారణమైనది రేపు అరుదు కావచ్చు. బండలు పగిలి ఇళ్ళు లేస్తున్న మా వంటి ప్రాంతంలో, ఫలానా మొక్క ఫలానా సందున ఉండేదని చెప్పడానికి మిగిలే సాక్ష్యం ఈ నమోదే.

నడిచేవారికి సూచనలు

* మొక్క మొత్తం, ఆకు పైభాగం, అడుగుభాగం, పువ్వు, కాయ, కాండం విడివిడిగా చిత్రాలు తీయాలి. పక్కన ఒక నాణెం ఉంచితే పరిమాణం తెలుస్తుంది.
* ఫోను తానుగా సూచించే పేరు ఊహ మాత్రమే. దానిని నమ్మి దేనినీ తినరాదు, తినిపించరాదు.
* ఇంటి ఆవరణలోని చిత్రాలకు స్థలం స్పష్టంగా చూపనవసరం లేదు. దాచే వీలు ఉన్నది.
* పెరకడం వద్దు. చిత్రం చాలు. మందుకు అవసరమైన మొక్కను కుండీలో పెంచుకోవడం ఉత్తమం.
* మురుగు కాలువ, రహదారి, పట్టాల పక్కన మొలిచినవి సరైన మొక్కలే అయినా మందుకు పనికిరావు.
* ఒకే పేరును నమ్మరాదు. బ్రహ్మదండి అని ఒకటికి మించిన మొక్కలను పిలుస్తారు. వాటిలో పసుపు పువ్వుల ముళ్ళమొక్క గింజలు ఆవాలను పోలి ఉంటాయి. వాటి నూనె ఆవనూనెలో కలిసి 1998లో ఢిల్లీలో అనేకులు మరణించారు.
* గుర్తింపు రూఢి అయిన తరువాత కూడా మోతాదు, అనుపానం అర్హుడైన వైద్యుడే నిర్ణయించాలి. పసిపిల్లలు, గర్భిణుల విషయంలో ఇది మరింత ముఖ్యం.

నా నోటు పుస్తకాలు ఇప్పుడు నాలుగైనాయి. రక్తంలో చక్కెర అదుపులో ఉన్నది. రోజుకొక కొత్త మొక్క కోసం మరో నాలుగు అడుగులు వేయడం ఇందుకు కొంత సాయపడిందని నా నమ్మకం. ఆనాడు వాంతులతో వాడిపోయిన పిల్లవాడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. సెలవులకు వచ్చినపుడు నాతో గుట్ట దాకా నడుస్తాడు. ఏదైనా మొక్కను చూపి నేను పేరు చెప్పబోతే చాలు, వెంటనే అడుగుతాడు: "చిన్నతాతయ్యా, తుంచి చూశావా?"